పదిహేడో బండ

ఆ సోమవారం పొద్దున తిమ్మాజిపేటలోని శంకరయ్య ఇంట్లో ఉన్నవాళ్లు ఐదుగురు. వసారాలో మంచం మీద కూర్చుని ఆకువక్క నములుతూ శంకరయ్య తల్లి తిమ్మమ్మ. పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు కొడుతూ శంకరయ్య భార్య నాగేంద్రమ్మ. కొట్టంలో కుంటుతున్న ఎద్దు గిట్ట చూస్తూ శంకరయ్య. లోపలి అర్రలో నేల మీద బోర్లా పడుకుని సుద్దముక్కతో అంకెలు రాస్తూ కొడుకు నాగేశ్. ఈ నలుగురి మధ్యా తిరుగుతూ, ఎవరు పిలిస్తే వారి దగ్గరికి పోతూ పదహారేళ్ల పద్మజ. ఆరో మనిషిని కూడా లెక్కలో వేయాలంటే గోడ మీదుగా తొంగిచూసే పక్కింటి సకీనాబీని వేయాలి. ఆమె ఆ ఇంట్లో ఉండదు గానీ, ఆ ఇంట్లో జరిగేదేదీ ఆమెకు తెలియకుండా ఉండదు.

ఆనాటికి అనుకున్న పని చాలా మామూలుది. నాగేశ్ పదింటికల్లా తన పని ముగించి, సకీనాబీ భర్త ఖాజా మియా స్కూటర్ మీద నాగర్‌కర్నూల్ పోయి, అక్కడి ఇంటర్నెట్ సెంటర్ నుంచి హైదరాబాదులోని కంపెనీకి పంపుతాడు. నాలుగింటి లోపల పంపితే ఉద్యోగం ఉంటుంది. పంపకపోతే మంగళవారం వచ్చి కాగితాలు తీసుకుపొమ్మని మేనేజరు ఫోనులో చెప్పాడు. నాగేశ్ ఉద్యోగంలో చేరి అప్పటికి ఆరు నెలలు కూడా కాలేదు.

ఆ నాలుగు గంటలకు పద్మజ చదువు కూడా ముడిపడి ఉంది. వనపర్తి పాలిటెక్నిక్‌లో ఆమెకు కంప్యూటర్ల సీటు వచ్చింది. చేరడానికి మంగళవారమే ఆఖరు. శంకరయ్య మాత్రం ఒకటే మాట అన్నాడు. "కంప్యూటర్ మీ అన్నకే బువ్వ పెట్టకుంటే, ఇంకొకదాన్ని గూడ గా కంప్యూటర్లకే తోలాల్నా? వాని నౌకరి నిలవడితే రేపు ఏడున్నర బస్సుకు పోదాం. లేకుంటే ఇంట్లనే ఉండు." పద్మజ డైరీలో తారీఖు కింద "నాలుగు గంటలు" అని రాసి, దాని కింద రెండు గీతలు గీసింది.

పద్మజకు గొంతు లేదని కాదు. ఉంది, వాడదు. బడిలో హాజరు పిలిచినప్పుడు ఆమె "ప్రెజెంట్ సార్" అనేది ఆమెకే వినిపించేది. ఎనిమిదో తరగతిలో జులై నెలంతా ముందు బెంచీలో కూర్చున్నా ఆమెకు ఆబ్సెంట్ పడింది. అది కూడా ఎవరికీ చెప్పలేదు, రాసుకుంది.

అలాంటి పిల్లకు ఆ ఇంట్లో పడిన పని మాటలు మోయడం. ఉగాది నాడు ఒక బెల్లం ముద్ద కనిపించకుండా పోయింది. అత్త దాన్ని బిజినేపల్లిలో ఉన్న తన బిడ్డ పార్వతమ్మకు పంపిందని నాగేంద్రమ్మ అనుమానం. పంపలేదని తిమ్మమ్మ ఒట్టు. ఆ రోజు నుంచి అత్తాకోడళ్లకు మాటల్లేవు. మాటలు మానేసినా చెప్పుకోవలసినవి ఎక్కడికి పోతాయి?

"మీ నాయనమ్మకు చెప్పు, కూసున్నకాడికి రొట్టె నడిచి రాదు, లేచొచ్చి తినుమను" అని పొయ్యి దగ్గర నుంచి నాగేంద్రమ్మ అంటే, పద్మజ నాలుగడుగులు వేసి వసారాలోకి వచ్చి, "అమ్మ రొట్టె తినరమ్మంటుంది నాయనమ్మా" అనేది.

"మీ అమ్మకు చెప్పు, గా రొట్టెలు నమలనీకి నా పండ్లు ఇనుపయి గావు" అని తిమ్మమ్మ అంటే, మళ్లీ నాలుగడుగులు వేసి, "జరసేపాగి తింటదంట" అనేది.

ఎవరి మాట ఎవరికైనా నేరుగానే వినిపిస్తుంది. అయినా పద్మజ వచ్చి చెప్పేదాకా విననట్టే ఉంటారు. అది ఆ ఇంటి మర్యాద.

మాటల్లాగే తాళంచెవులు కూడా పంచుకున్నారు. లోపలి అర్ర తాళంచెవి నాగేంద్రమ్మ పుస్తెలతాడుకు పిన్నీసుతో వేలాడుతుంది. ఆ అర్రలోని ఇనుప బీరువా తాళంచెవి తిమ్మమ్మ బొడ్డులో దోపుకునే వక్కల సంచిలో ఉంటుంది. మూడేళ్ల కిందటి దాకా ఆ అర్ర తిమ్మమ్మదే. నేలకు షాబాదు బండలు పరిచాక, ధాన్యం పెట్టుకోవాలని చెప్పి కోడలు ఆమె మంచాన్ని వసారాలోకి మార్చి అర్రకు తాళం వేసింది. తాళంచెవి లేకుండానే నొక్కితే పడే పెద్ద తాళంకప్ప. హైదరాబాదు నుంచి ల్యాప్‌టాప్ తెచ్చుకున్న కొడుకు పని చేసుకోవాలని ఈ రెండు రోజులే దాన్ని తెరిచి ఉంచింది.

నాగేశ్‌కు ఆ బండలు బాగా నచ్చాయి. సరిగ్గా ఇరవైనాలుగు ఉన్నాయి. తెల్లవారుతుండగానే అన్నిటికీ నంబర్లు వేసి, వాటి మీద అక్కడక్కడా గింజలు పెట్టాడు. తన పని గురించి చెప్పుకోవడానికి అతనికి ఎవరైనా కావాలి. ఎదురు ప్రశ్నలు వేయనివాళ్లైతే మరీ మంచిది. అందుకని చెల్లెల్ని పిలిచాడు.

వాళ్ల కంపెనీది ఒక ప్రోగ్రాము ఉంది. మిగతా ప్రోగ్రాములన్నీ దాని మీదే నడుస్తాయి, బండి ఇరుసు మీద నడిచినట్టు. ఆ ఇరుసుకు రెండు రోగాలు వచ్చాయి. ఒకటి, దాచింది దాచినట్టు ఉండటం లేదు. ఉన్నట్టుండి ఇంకోటిగా మారిపోతోంది. రెండు, నడుస్తూ నడుస్తూ నిలిచిపోతోంది. చావదు, కదలదు.

"గీ బండలన్నీ దాని మెమరీ అనుకో పద్దీ. లోపల కూలీలుంటరు. ఒక్కడు గాదు, ఒకేపారి పదిమంది పని చేస్తరు. పల్లికాయలు ఒక కూలి, కందులు ఒక కూలి, మిరపకాయ ఒక కూలి, చింతగింజ ఒక కూలి. ఎవడు ఏ బండ తీసుకుంటే దాని మీద వాడే పెట్టాలె. పనైనంక ఇడిసిపెట్టాలె. అప్పుడు ఇంకొకడు తీసుకుంటడు. సమజైందా?"

పద్మజ తల ఊపింది.

"పదిహేడో బండ మీద పల్లికాయోడు ఐదు కాయలు పెట్టిండు. జరసేపటికి చూస్తే ఐదుండవు, ఇంకేందో ఉంటది. ఎవడు మార్చిండు? ఒక్కొక్కని అడుగులు లెక్కపెట్టిన. ఎవ్వడు ఆ దిక్కు పోతలేడు. పోకుంటే ఎట్ల మారుతది? దయ్యం మార్చిందా?"

"రెండోది?" అంది పద్మజ. అతనికి వినపడలేదు గానీ, అదే చెప్పాడు.

"ఇంక రెండో రోగం జోలికి పోనే లేదు. ఇద్దరు కూలీలు చెరొక తాళం పట్టుకొని నిలవడుతుండ్రు. నీది ఇయ్యి నాది ఇస్త అని వీడు, నీది ఇయ్యి నాది ఇస్త అని వాడు. ఇద్దరూ ఇయ్యరు. గంతే తెలుసు. సరే, నేను తానం చేసొస్త. ఎవ్వరినీ అర్రలకు రానీకు. ఒక్క గింజ కదిలినా నా రెండు నెలల పని పాయె."

గింజలు గాలికి కదలకుండా కిటికీ మూసి అతను పోయాడు. పద్మజ గడప మీద కాపలా కూర్చుంది. రెండు నిమిషాలు కూడా కాలేదు, నాగేంద్రమ్మ బోరింగు నుంచి బిందెడు నీళ్లు తెమ్మని పిలిచింది. కాపలా ఉన్నానని పద్మజ చెప్పింది. ఆ మాట తల్లికి వినపడలేదు. బిందె తీసుకుని పోయింది.

ఆమె తిరిగి వచ్చేసరికి, తలకు తువ్వాలు చుట్టుకున్న నాగేశ్ అర్ర గడప దగ్గర కొయ్యబారి నిలబడి ఉన్నాడు. పదిహేడో బండ మీద ఐదు పల్లికాయలు లేవు. పొట్టు ఉంది. పొట్టు పక్కన సగం కొరికిన వక్క ఉంది.

"మారింది" అన్నాడు నాగేశ్ సన్నగా. తరువాత ఇల్లంతా అదిరేలా, "పద్దీ! పదిహేడు మారింది!"

కంప్యూటర్ లోపల రెండు నెలలుగా మారుతున్న పదిహేడు, ఇప్పుడు కళ్లెదుట బండ మీద కూడా మారింది. చదువుకున్నవాడే గానీ, అతని చేతుల మీద వెంట్రుకలు నిలబడ్డాయి. గోడ గూటిలో పెట్టిన పెన్‌డ్రైవ్ కోసం చూశాడు. అతను ఇప్పటిదాకా సరిచేసినదంతా అందులోనే ఉంది. గూడు ఖాళీగా ఉంది.

ఆ కేకకు తిమ్మమ్మ వసారాలోంచి వచ్చింది. నాగేశ్ కిటికీ తెరిచాడు. అర్రలోకి వెలుతురు పడింది. నేలంతా సుద్దగీతలు, అంకెలు, ఎండుమిరపకాయలు, చింతగింజలు, కుప్పలు కుప్పలుగా కందులు. తిమ్మమ్మ చెయ్యి మెల్లగా నోటి మీదికి పోయింది.

"గిదేందిరా నాగేశూ? గీ ముగ్గులేంది, గీ మిరపకాయలేంది?"

"ఏం లేదు నాయనమ్మా, నా పని."

"నేను తిన్న!"

"ఏం తిన్నవ్?"

"పల్లికాయలు! ఇందాక చీకట్ల వచ్చి కూసున్న. చేతికి తగిలినయి, తిన్న! ఐదు తిన్న! ఓ నా కొడుకో, ఎవలో బాణామతి చేసి పెట్టిండ్రు, నేను తిన్న!"

"బాణామతి కాదు నాయనమ్మా, అది మెమరీ!"

"గా మెమరామె ఏ ఊరిది? నాతోని ఏం పగ దానికి?"

తిమ్మమ్మ వాకిట్లోకి పరుగెత్తి గొంతులో వేలు పెట్టుకుంది. గోడ మీద సకీనాబీ తల కనిపించింది, కళ్లు పెద్దవయ్యాయి, తల మాయమైంది.

నాగేశ్ వెనకాలే పోయాడు. "గూట్లె నల్లగ, ఇంత పొడుగుది, మూతుండేది ఒకటి పెట్టిన. చూసినవా?"

"గా సుర్మా డబ్బీ లెక్కనున్నదా?" వాంతికీ వాంతికీ మధ్య తిమ్మమ్మ తల ఎత్తింది. "బీరువల పెట్టిన. ఏ వస్తువైనా గాలికి పడేసి పోతవు, అచ్చం మీ నాయన లెక్కనే."

అప్పటిదాకా పిండి చేతులతో చూస్తున్న నాగేంద్రమ్మ ఒక్కసారిగా అందుకుంది. "సూసినవా! ఉగాదికి బెల్లం పాయె. కొత్త తువ్వాలలు పాయె. స్టీలు గిలాస పాయె. ఇప్పుడు నా కొడుకు పెన్ను గూడ గా బీరువలకే పాయె!" అంటూ పోయి అర్ర తలుపు లాగి, తాళంకప్ప నొక్కింది. "మీ నాయనమ్మకు చెప్పు పద్దీ! బీరువ తాళంచెవి నా చేతుల పెట్టేదాక అర్ర తెరువ!"

"మీ అమ్మకు చెప్పు! అర్ర తాళంచెవి నా చేతుల పెట్టేదాక బీరువ తాళంచెవి ఇయ్య! సచ్చినా ఇయ్య! ఎట్లాగూ సస్తనే ఉన్న గదా!"

పద్మజ ఇద్దరి మధ్యా నిలబడింది. మూడు నెలల్లో మెత్తబరచలేని మాటలు ఆమెకు ఎదురుకావడం ఇదే మొదలు. అంతలో ఆమెకు ఇంకోటి తట్టింది. ఇద్దరు కూలీలు. చెరొక తాళం. నీది ఇయ్యి, నాది ఇస్త.

"అన్నా," అంది. "గిది నీ రెండో రోగమే."

"జర ఆగు పద్దీ, ఆలోచించనీ" అన్నాడు నాగేశ్, తాళంకప్ప వైపు చూస్తూ.

ఎనిమిదిన్నరకు విషయం కొట్టంలోకి పోయింది. శంకరయ్య ఎద్దు కాలు వదలకుండానే విన్నాడు. "నా దిక్కు సూడకుండ్రి. ఒకామె కన్నది, ఒకామెను కట్టుకున్న. ఏ తాళంచెవి అడిగినా నా కంచం బోర్ల పడ్తది. ఖాజాను పిలువుండ్రి, తాళం కోస్తడు."

ఖాజా మియాది బస్టాండు పక్కన మోటార్ల వైండింగు దుకాణం. కోత రంపం తీసుకుని పదింటికి వచ్చాడు. వచ్చీ రాగానే, "ఐదు నిమిషాల పని. శంకరన్న ఊ అంటే చాలు" అన్నాడు.

"మా అమ్మ ఊ అంటే నేను ఊ అంట" అన్నాడు శంకరయ్య.

"కోడల్ని తాళంచెవి ఇయ్యమను, ఊ అంట" అంది తిమ్మమ్మ.

"తాళం మీద రంపం పెడితే నా మెడ మీద పెట్టినట్టే. ముందుగాల బీరువ తాళంచెవి ఇయ్యుమను" అంది నాగేంద్రమ్మ.

"గిదేం లెక్క భాయ్! తిరిగి తిరిగి నా కాడికే వచ్చింది" అని ఖాజా మియా తలగోక్కున్నాడు. సంగతేమిటో చూద్దామని తలుపు సందులోంచి లోపలికి తొంగిచూశాడు. అంకెలు కనిపించాయి, మిరపకాయలు కనిపించాయి. మెల్లగా లేచి రంపాన్ని సంచిలో పెట్టుకున్నాడు. "మా ఇంట్లామె చెప్తే నమ్మలే. శంకరన్నా, ఇనుము కోస్త, ఇత్తడి కోస్త. గిది నా లైను గాదు."

పోబోయినవాడు స్కూటరు కోసమైనా ఉండాలని నాగేశ్ బతిమాలితే వేపచెట్టు కింద కూర్చున్నాడు, అర్రకు దూరంగా.

ఇక సకీనాబీ సంగతి. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. తిమ్మమ్మ ఏదో తిన్నదని, వాంతులు చేసుకుంటోందని మాత్రమే చెప్పింది. ఆ మాట కిరాణా కొట్టు చేరేసరికి వాంతి పోయి నురగ వచ్చింది. బస్టాండు చేరేసరికి నురగ ఆగింది, దానితో పాటు ఊపిరీ ఆగింది. ఎవరో మంచిమనిషి కాయిన్ బాక్సులో రూపాయి బిళ్ల వేసి బిజినేపల్లికి ఫోను చేశాడు.

పన్నెండింటికి వాకిటి ముందు ఆటో ఆగింది. జుట్టు విరబోసుకుని పార్వతమ్మ దిగింది, ఆమె వెనక ఏడ్చే మనుషులు ఇంకో ఆరుగురు. ఆ ఆటోలో అంతమంది ఎలా పట్టారో అని పద్మజ ఆ గాభరాలోనూ ఆశ్చర్యపోయింది.

"ఓ నా అవ్వో! నన్ను అన్యాయం చేసి పోతివే!" అంటూ పార్వతమ్మ వసారాలోకి వచ్చి, మంచం మీద ఉన్న తల్లి మెడ పట్టుకుని కూలబడింది. అంత ఏడుపుతో బిడ్డ వచ్చేసరికి తిమ్మమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. బిడ్డ ఇంట్లోనే ఏదో జరిగిందనుకుంది.

"ఎవలు పోయిండ్రే బిడ్డా! చెప్పవే!" అని తానూ ఎత్తుకుంది.

"నువ్వేనే అవ్వా!"

"అయ్యో నా బిడ్డా, ఎంత కష్టమొచ్చెనే నీకు!"

తల్లీబిడ్డలు ఒకరినొకరు పట్టుకుని కాసేపు మనసారా ఏడ్చారు. పోయిన మనిషి మెడ పట్టుకుని పోయిన మనిషి కోసం ఏడుస్తున్నానని పార్వతమ్మకు తట్టడానికి ఇంకొంచెం సేపు పట్టింది. తట్టగానే కెవ్వుమని వెనక్కి పడింది. ఆ కేక విని, అప్పటిదాకా అనుమానంగా వీధిలో నిలబడినవాళ్లు కూడా నమ్మి లోపలికి వచ్చేశారు. ఒకటిన్నరకు వసారా నిండిపోయింది. బతికే ఉన్నానని తిమ్మమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పుకోవలసి వచ్చింది. కొందరికి రెండుసార్లు చెప్పింది.

నాగేశ్ తాళం వేసిన తలుపుకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. పక్కనే పిండి ఎండిపోయిన చేతులతో నాగేంద్రమ్మ కాపలా. "నాగర్‌కర్నూల్‌కు గంట పడ్తది. పెన్‌డ్రైవ్ ఇప్పుడు దొరికినా ఆ పదిహేడు దొరకదు. అయిపోయింది పద్దీ. నీది గూడ నేనే ఖరాబు చేసిన" అన్నాడు. అన్న కళ్లలో నీళ్లు చూడటం పద్మజకు అదే మొదటిసారి. తన సంగతి అతనికి గుర్తుండటం అంతకన్నా పెద్ద ఆశ్చర్యం.

ఆమె తలుపు వైపు చూసింది. వసారా వైపు చూసింది. ఆ గోలలో ఎవరి మాట ఎవరికీ వినపడటం లేదు. ఆ ఇంట్లో గట్టిగా మాట్లాడేవాళ్లందరి గొంతులూ ఆ రోజు పనికిరాకుండా పోయాయి. చెవిలో చెబితే తప్ప దారి లేదు. చెవిలో చెప్పడం మాత్రం పద్మజకు బాగా వచ్చు.

జనాన్ని తోసుకుంటూ పోయి నాయనమ్మ చెవి దగ్గర నోరు పెట్టింది. "అమ్మ తాళంచెవి ఇస్తనంటుంది. నీ చేతికి కాదు, నా చేతికి. నువ్వు గూడ నా చేతికే ఇస్తే."

తిరిగి వచ్చి తల్లి చెవిలో అంది. "నాయనమ్మ ఇస్తనంటుంది. నీ చేతికి కాదు, నా చేతికి. నువ్వు గూడ నా చేతికే ఇస్తే."

ఇద్దరూ అప్పటికి ఏమీ అనలేదు కనుక అది అబద్ధమే. కానీ ఇద్దరూ ఒప్పుకుంటే అబద్ధం కాకుండా పోతుంది. పద్మజ అరచేయి చాచి నిలబడింది. నాగేంద్రమ్మ ఆమెను కింది నుంచి పైదాకా చూసి, పిన్నీసు విప్పింది. తిమ్మమ్మ వక్కల సంచి విప్పుతూ అంది. "నీ చేతికైతే ఇస్త. నువ్వు మీ అమ్మ దిక్కు గాదు, నా దిక్కు గాదు. అసలు ఏ దిక్కున్నవో ఎవ్వరికీ తెల్వదు."

అర్ర తెరుచుకుంది, బీరువా తెరుచుకుంది. నాగేశ్ పెన్‌డ్రైవ్ మీద పడ్డాడు. నాగేంద్రమ్మ మాత్రం బీరువాలోకే చూస్తూ ఉండిపోయింది. పాత చీర ముక్కలో కట్టిన మూట ఉంది. మూటలో రెండు కొత్త తువ్వాలలు, స్టీలు గ్లాసు, కంచం, సబ్బు డబ్బా, దువ్వెన, ఉగాదినాటి బెల్లం ముద్ద.

"గదంతా పద్దిది" అంది తిమ్మమ్మ ఎవరి వైపూ చూడకుండా. "పరీక్ష రాస్త అన్నప్పటి సంది పెడుతున్న. హాస్టల్ల ఏముంటదో ఏముండదో."

పార్వతమ్మ ఏడుపు ఆపేసి వదిన వైపు చూసింది. నాగేంద్రమ్మ బెల్లం ముద్దను చేతిలోకి తీసుకుంది. సగం చీమలు తినేశాయి. చీమల్ని దులుపుతూ నోరు తెరిచింది. "బెల్లం గుడ్డల కట్టి పెడ్తరా అత్తా? డబ్బల పెట్టాలె గదా."

నేరుగా అంది. మధ్యలో పద్మజ లేకుండా. బతికొచ్చిన తిమ్మమ్మను చూసి కూడా అంత నిశ్చేష్టులు కాని జనం, ఆ మాటకు నోళ్లు తెరిచారు.

నాగేశ్‌కు ఇవేవీ పట్టలేదు. "ఎవ్వడు పోకుండ పదిహేడు ఎట్ల మారుతది" అని గొణుక్కుంటూ బండల మధ్య తిరుగుతున్నాడు. నిలబడి కాళ్లు నొప్పిపుట్టిన తిమ్మమ్మ అర్రలో మూలకు నడిచి, గోడకు వీపు ఆనించి కూర్చుంది. కింద చూసుకోలేదు. పదిహేడో బండ.

"నాయనమ్మా, మళ్ల గా బండ మీదనే ఎందుకు కూసుంటవ్!" అని నాగేశ్ అరిచాడు.

"అన్నా" అంది పద్మజ.

"ఏంది? గట్టిగ చెప్పు."

"గది నాయనమ్మ మంచమేసుకునే జాగ. ఇడిసిపెట్టి మూడేండ్లాయె." ఆమె బండ వైపు చూపించింది. "ఇడిసిపెట్టింది గాని, కాళ్లకు దారి యాదికున్నది."

నాగేశ్ చెల్లెల్ని చూశాడు. నాయనమ్మను చూశాడు. "ఇప్పుడు పని చేస్తున్న కూలీలనే చూసిన" అన్నాడు చివరికి. "జాగ ఇడిసిపెట్టి పోయినోన్ని చూడనే లే! వాడు అలవాటు కొద్ది పాత జాగలకే వచ్చి పెడుతుండు!" అంతలో అతని చూపు పద్మజ పిడికిలి మీద పడింది. అందులో రెండు తాళంచెవులు. "రెండూ ఒకరి చేతికే! దొరికితే రెండూ ఒకేపారి, లేకుంటే ఏదీ పట్టుకోవద్దు! పద్దీ, గిది నాకు ముందుగాలనే ఎందుకు చెప్పలే?"

చెప్పానని పద్మజ అంది. అతనికి వినపడలేదు.

పదిహేడో బండ మీద నాయనమ్మను అలాగే కూర్చోబెట్టి, ఆమె పక్కనే కూర్చుని నాగేశ్ ముప్పావు గంట ల్యాప్‌టాప్ టకటకలాడించాడు. రెండున్నర దాటాక ఖాజా మియా స్కూటరు కదిలింది. అది నాగర్‌కర్నూల్ చేరడానికి ఎన్ని ఎడ్లబండ్లను తప్పించిందో ఖాజా మియా వారం రోజులు చెప్పుకున్నాడు. నాలుగింటికి ఆరు నిమిషాల ముందు నాగేశ్ చేసిన పని కంపెనీకి చేరింది. ఐదున్నరకు మేనేజరు ఫోను వచ్చింది. ఇరుసు ఆగకుండా తిరుగుతోందట, ఏదీ మారడం లేదట. అంత చిక్కుముడి ఎలా విప్పావని అతను అడిగితే, "మా నాయనమ్మ పల్లికాయలు తిన్నది సార్, తాళంచెవులు మా చెల్లె చేతికొచ్చినయి" అని నాగేశ్ ఉన్నదున్నట్టు చెప్పాడు. మేనేజరు ఇంకో రెండు రోజులు సెలవు తీసుకొమ్మన్నాడు.

శంకరయ్య కొట్టంలోంచి వచ్చి చేతులు కడుక్కున్నాడు. "రేపు ఏడున్నర బస్సు. దొరికే చివరి చాన్సు అదే, జల్ది తయారుగుండు" అని బిడ్డకు చెప్పాడు. పద్మజ బస్సెక్కేదాకా రెండు తాళంచెవులూ ఆమె దగ్గరే ఉండాలని అత్తాకోడళ్లు అనుకున్నారు. ఇద్దరూ ఒక మాట మీద నిలబడటం ఊరికే కొత్త.

మంగళవారం ఏడుంబావుకు పద్మజ కొత్త లంగావోణీ వేసుకుని, పదో తరగతి మెమో, నాయనమ్మ మూట తీసుకోవడానికి అర్రలోకి పోయింది. తలుపు దగ్గరగా వేసి, బీరువా తెరిచి, వంగి మూట అందుకుంది.

అప్పుడే తిమ్మమ్మ అటుగా వచ్చింది. గొళ్లేనికి తాళంకప్ప తెరిచి వేలాడుతోంది. బీరువా కోసం వచ్చినప్పుడల్లా తాను తలుపు తెరిచే పోతుందని మూడేళ్లుగా కోడలు అంటూనే ఉంది. మాటలు కలిసిన మరునాడే కోడలి చేత మళ్లీ అనిపించుకోవడం ఎందుకనుకుంది. తలుపు లాగి, గొళ్లెం పెట్టి, తాళంకప్ప నొక్కింది. టక్కున పడింది.

"నాగేంద్రమ్మా, అర్ర నేనే యేసిన!" అని ఎంతో ప్రేమగా కేకేసింది.

"మంచిగ చేసినవ్ అత్తా!" అని వాకిట్లోంచి అంతే ప్రేమగా జవాబు వచ్చింది.

"పద్దీ ఏదీ? బస్సొస్తుంది!" అని శంకరయ్య గొంతు వీధిలోంచి వినిపించింది. లోపల చీకట్లో పద్మజ "నాయనమ్మా" అంది. ఎప్పటిలాగే అది ఆమెకొక్కదానికే వినిపించింది. దూరంగా బస్సు హారన్ మోగింది. ఆమె మూట కింద పెట్టి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గట్టిగా అరవడానికి గొంతు సవరించుకుంది.

రెండు తాళంచెవులూ ఆమె పిడికిట్లో భద్రంగా ఉన్నాయి.